తీరే మైల, తీరని మైల: పాత యూదు యాజకుల బట్టలు, శుద్ధి ఆచారాలు

అంటరానితనం మీద ఎక్కడ చర్చ జరిగినా ఒక జవాబు ఎదురొస్తుంది. మడి, మైల మా ఒక్కరికేనా, బైబిలు తీసి చూడండి, యూదుల పూజారులకీ మడిబట్టలున్నాయి, అంటు ఉంది, స్నానాలున్నాయి, లోకమంతా ఉన్నదే ఇక్కడా ఉంది అంటారు. కాస్త చదువుకున్నవాళ్లయితే లేవీయకాండం అధ్యాయాల నంబర్లతో సహా అప్పజెబుతారు. ఆ మాట వినే మాల, మాదిగ పిల్లల్లో చాలామందికి ఆ అధ్యాయాలు చర్చిలో విన్నవే. విన్నవే గాని, ఏఫోదు అంటే ఏమిటో, ఆ బట్టలు ఎవరు నేశారో, అపవిత్రుడన్న మాట అక్కడ ఒక మనిషి మీద ఎన్నాళ్లు నిలుస్తుందో ఎవరూ విడమర్చి చెప్పి ఉండరు. అందుకని జవాబు తెలియక ఊరుకోవాల్సి వస్తుంది.

ఆ వాదనలో సగం నిజం ఉంది. యూదుల యాజకత్వం పుట్టుకతో వచ్చేదే. అహరోను వంశంలో పుట్టని మగవాడు ఎంత చదివినా యాజకుడు కాలేడు. మైల నియమాలూ వివరంగానే ఉన్నాయి. తక్కిన సగంలోనే మోసం ఉంది. అది ఎక్కడ దాక్కుందో చూడాలంటే బట్టల దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

ఆధారాల గురించి ఒక మాట. నిర్గమకాండం, లేవీయకాండం, సంఖ్యాకాండం, యెహెజ్కేలు గ్రంథం మొదటి వరస. క్రీ.శ. ఒకటో శతాబ్దంలో బతికిన చరిత్రకారుడు జోసీఫస్ స్వయంగా యాజకుడు, యెరూషలేము ఆలయాన్ని కళ్లారా చూసినవాడు. మూడోది మిష్నా, అంటే యూదు పండితుల ధర్మ నిర్ణయాల సంకలనం. ఇది క్రీ.శ. 200 ప్రాంతంలో తయారైంది. అప్పటికి రోమన్లు ఆలయాన్ని కూల్చి (క్రీ.శ. 70) వందేళ్లు దాటింది. కనుక మిష్నా చెప్పే ఆలయంలో కొంత జ్ఞాపకం, కొంత ఇలా ఉండాలన్న కోరిక కలిసే ఉంటాయి.

బట్ట ఉంటేనే యాజకుడు

మామూలు యాజకుడికి బట్టలు నాలుగు: నారతో నేసిన చొక్కాయి, నడుముకి దట్టి, తలకి కుళ్లాయి, లోపల నార లాగు. నార అంటే ఇక్కడ అవిసె మొక్క కాడ నుంచి తీసిన దారం. చెప్పుల ఊసు ఎక్కడా లేదు. రాతి నేల మీద ఉత్త కాళ్లతోనే పనంతా. ఆలయ ఉద్యోగుల పట్టికలో మిష్నా కడుపు జబ్బులు చూసే మనిషిని ఒకణ్ణి ప్రత్యేకంగా చెబుతుంది. చల్లటి రాయి మీద నిలబడటం, రోజూ మాంసం తినడం, పైన నీళ్లు తాగడం వల్ల యాజకులకి ఆ జబ్బు వచ్చేదని తాల్ముద్ వివరణ. అదే పట్టికలో బట్టల కొట్టు చూసే అధికారి ఒకడు, తెరల నేత చూసే అధికారి ఇంకొకడు ఉన్నారు.

ప్రధాన యాజకుడికి ఎనిమిది. పై నాలుగూ గాక, చుట్టూ బంగారు గంటలూ దానిమ్మ పండ్ల ఆకారాలూ వేలాడే నీలి నిలువుటంగీ, దాని మీద ఏఫోదు, రొమ్ము మీద పన్నెండు రత్నాల పతకం, నుదుటి మీద దేవుడి పేరు చెక్కిన బంగారు రేకు. ఏఫోదు అంటే భుజాల పట్టీలతో నిలిచే పైవస్త్రం. భుజాల మీద రెండు రత్నాలు, ఒక్కోదాని మీద ఆరు గోత్రాల పేర్లు. బంగారాన్ని రేకులుగా కొట్టి, సన్నగా తీగలు కోసి, నూలుతో కలిపి నేశారట.

రంగుల దగ్గర కాస్త ఆగాలి. నీలం, ఊదా సముద్రపు నత్తల నుంచి తీసేవాళ్లు. ఒక్కో నత్త ఇచ్చేది చుక్కో రెండు చుక్కలో. ఎరుపు ఒక పురుగు నుంచి వచ్చేది. ఇజ్రాయెల్ దక్షిణాన తిమ్నా లోయలో దొరికిన ఊదా రంగు ఉన్ని పోగులు సుమారు మూడు వేల ఏళ్ల నాటివని 2021లో పరిశోధకులు ప్రకటించారు. అంటే ఈ రంగు బట్టలు కథలో మాత్రమే లేవు. నత్త నీలం అంత ఖరీదు కనుకనే చెట్టు నుంచి తీసిన నీలిమందు అద్ది అదే ఇదని నమ్మించేవాళ్లూ పుట్టుకొచ్చారు. తాల్ముద్ వాళ్లని గట్టిగానే తిట్టింది.

ఉన్నినీ నారనీ కలిపి నేసిన బట్ట మామూలు యూదుడు కట్టకూడదు. ప్రధాన యాజకుడి ఏఫోదులో మాత్రం ఆ రెండూ కలుస్తాయి. జనానికి నిషేధమైనది పైవాడికి అలంకారం. ఇది మనకి తెలియని తంతేమీ కాదు. అయితే సంఖ్యాకాండం 15వ అధ్యాయం ప్రతి ఇశ్రాయేలీయుడూ తన బట్ట అంచు కుచ్చుల్లో ఒక నీలి దారం పెట్టుకోవాలంటుంది. లేవీయకాండం మీద జీవితమంతా పనిచేసిన పండితుడు జేకబ్ మిల్‌గ్రోమ్ దీన్ని యాజకుడి బట్టలో ఒక పోగు ప్రతివాడికీ పంచడంగా చూశాడు. జనమంతా యాజకులే అన్న ఆలోచనకి ఆ ఒక్క దారం గుర్తు అన్నాడు. మన దగ్గర జంధ్యం అనే దారం చరిత్ర సరిగ్గా దీనికి ఎదురు దిశలో నడిచింది.

ఈ బట్టలు వీధిలో తిరగడానికి కావు. యాజకులు 24 వంతులు. ఒక్కో వంతు ఒక వారం గుడిలో పనిచేసి ఊరికి పోయేది. గుడి కాపలాకి పడుకునే కుర్ర యాజకులు ఆ బట్టలు విప్పి, మడిచి తలకింద పెట్టుకుని, సొంత దుప్పటి కప్పుకునేవాళ్లని మిష్నా. యెహెజ్కేలు ఇంకో కారణం చెబుతాడు. జనం దగ్గరికి వచ్చే ముందు యాజకుడు నారబట్టలు విప్పి వేరేవి వేసుకోవాలి, లేకపోతే ఆ బట్టల వల్ల పవిత్రత జనానికి అంటుతుంది అని. మన అగ్రహారంలో మడిబట్టకి భయం ఇంకో వైపు నుంచి గదా? అవతలి మనిషి తాకితే మడి చెడుతుందని. యూదు యాజకుడికి ఆ భయం లేదని కాదు. అతని ఇంట్లో అర్పణ భోజనం మైల తగలకుండా తినాలి. కాని ఇక్కడ తగలకూడనిది మైల ఒక్కటే కాదు, పవిత్రత కూడా. అది కూడా చేతినుంచి చేతికి అంటుకునే వస్తువే.

వాడి చినిగిన లాగులూ దట్టీలూ ఏమయ్యేవి? పీలికలు చేసి, పర్ణశాలల పండుగ రాత్రి ఆలయంలో వెలిగించే పెద్ద దీపాలకి వత్తులు చేసేవాళ్లట.

నేసిన చేతులు, తాళం వేసిన చేతులు

నిర్గమకాండం కథలో నేత, కుట్టు పనికి పెద్దలు యూదా గోత్రపు బెసలేలు, దాను గోత్రపు అహోలీయాబు. నూలు వడికింది ఆడవాళ్లు. వీళ్లెవరూ యాజకులు కారు. వీళ్ల చేతిమీదుగా వచ్చిన బట్టని ఎవరి చెయ్యి తగిలిందన్న అనుమానంతో కడగమని ఆ కథ అనదు. తైలం, రక్తం చిలకరించాక అది పవిత్రమవుతుంది.

ప్రాయశ్చిత్త దినం నాడు ప్రధాన యాజకుడు బంగారు బట్టలు పక్కనపెట్టి ఉత్త తెల్ల నారతో అతిపరిశుద్ధ స్థలంలోకి పోవాలి. ఆ ఒక్క రోజు అయిదు మునకలు, పదిసార్లు కాళ్లూ చేతులూ కడుక్కోవడం. బట్టలు తెల్లవేగాని చవకవి కావు. పొద్దున కట్టేది ఐగుప్తులోని పెలూసియం నార, ఖరీదు 1200 జూజులు, సాయంత్రం కట్టేది ‘హిందువీన్’, ఖరీదు 800 జూజులు అని మిష్నాలో రబ్బీ మేయిర్ లెక్క. జూజు అంటే దేనారం, ద్రాక్షతోట కూలివాళ్ల కథలో ఒక రోజు కూలి. ఎనిమిది వందల రోజుల కూలి ఒక సాయంత్రపు బట్ట! ‘హిందువీన్’ అన్న మాటకి అర్థం హిందూ దేశానిది, అంటే మన వైపు సరుకు అని. దాన్ని నేసిన మగ్గం ఎవరిదో ఏ పుస్తకమూ రాయలేదు. పగలు వాడిన బట్ట మాత్రం ఏ ఊరిదో, ఎంతదో జాగ్రత్తగా రాసిపెట్టుకున్నారు. ఒక ధనిక యాజకుడికి తల్లి వేల ఖరీదుతో చేయించిన చొక్కాయి ఎంత పల్చనిదంటే, బరిబాతల నిలబడ్డట్టుందని తోటి యాజకులే వేసుకోనివ్వలేదని తాల్ముద్‌లో ఒక కథ కూడా ఉంది.

బట్ట అంటే అధికారం అన్న సంగతి అందరికంటే బాగా రోమన్లకి తెలుసు. హేరోదు కాలం నుంచి ప్రధాన యాజకుడి ఎనిమిది బట్టలూ ఆలయం పక్కన ఆంటోనియా కోటలో ఉండేవి. క్రీ.శ. 6 తర్వాత ఆ తాళం రోమన్ అధికారి చేతికి పోయింది. ముద్ర వేసిన గదిలో ఉంచి, పండుగకి ఏడు రోజుల ముందు ఇచ్చి, పండుగ అయ్యాక మళ్లీ తీసుకునేవాళ్లు. దేవుడి ఎదుట నిలబడాలంటే ముందు సైనికాధికారి ఎదుట నిలబడాలన్నమాట. క్రీ.శ. 36 ప్రాంతంలో సిరియా గవర్నరు విటెల్లియస్ వాటిని తిరిగిచ్చాడు. తర్వాత పదేళ్లలోపే ఫాదస్ అనే అధికారి మళ్లీ లాక్కోబోతే, యూదులు రోముకి పోయి క్లౌదియ చక్రవర్తి దగ్గర తమకి అనుకూలంగా ఉత్తరువు తెచ్చుకున్నారు.

లోపల కూడా పోరు ఉంది. లేవీయులు గుడిలో పాటలు పాడేవాళ్లు, ద్వారాలు కాసేవాళ్లు. యాజకుల కింది మెట్టు. క్రీ.శ. 60ల నడుమ పాటగాళ్లైన లేవీయులు, యాజకుల్లాగే మేమూ నారబట్టలు కడతామని రెండో అగ్రిప్ప రాజుని అడిగి అనుమతి సంపాదించారు. యాజకుడైన జోసీఫస్‌కి ఇది మింగుడు పడలేదు. పూర్వుల ధర్మం తప్పినందుకే శిక్ష తప్పలేదన్న ధోరణిలో రాశాడు. మోకాలు దిగిన పంచె, తలపాగా, కాలికి చెప్పు, వీటి మీద మన ఊళ్లలో ఎన్ని గొడవలయ్యాయో తెలిసిన పాఠకుడికి జోసీఫస్ గొంతు కొత్తగా వినిపించదు. అదే కాలంలో పెద్ద యాజకుల మనుషులు కళ్లాల మీద పడి దశమభాగాలు దౌర్జన్యంగా ఎత్తుకుపోతే పేద యాజకులు తిండి లేక చచ్చారని కూడా రాసింది ఆయనే. పుట్టుక ఒకటే అయినా అందరి కంచం ఒకటి కాదు.

సాయంకాలం దాకా

ఇప్పుడు మైల సంగతి. యాజకుడు గుడిలో చేసే పని ఏమిటి? మనకి పూజారి అంటే పువ్వులు, కర్పూరం, గంట గుర్తొస్తాయి. యెరూషలేములో పూజారి పని పశువు పని. బలిపీఠానికి ఉత్తరాన పశువుల్ని పట్టి ఉంచే కడియాలు 24, వేలాడదీసి తోలు ఒలవడానికి ఇనప కొక్కేలున్న స్తంభాలు, మాంసం కడగడానికి చలవరాతి బల్లలు ఉండేవని మిష్నా కొలతలతో చెబుతుంది. కోత ఎవరు కోసినా చెల్లుతుంది, ఆడవాళ్లు కోసినా బానిసలు కోసినా సరే. నెత్తురు గిన్నెలో పట్టింది మొదలు పని యాజకుడిదే. పస్కా నాడు నెత్తుట్లో కాళ్లు మునిగేలా నడవడం అహరోను కొడుకులకి ఘనత అని తాల్ముద్ పండితులు మెచ్చుకున్నారు. దహనబలి పశువు తోలు బలి అర్పించిన యాజకుడికి చెందుతుంది. ఎడారిలో ప్రత్యక్షపు గుడారం పైకప్పే తోళ్లు, ఎర్ర రంగు వేసిన పొట్టేళ్ల తోళ్లు.

ఈ ఒక్క పేరా మాదిగ పాఠకుడు రెండుసార్లు చదవాలి. కోయడం, ఒలవడం, నెత్తురు, పేగులు, తోలు: ఏ పనులు చేసినందుకు మనల్ని ఊరవతల పెట్టారో ఆ పనులే అక్కడ ఊరి నడిబొడ్డున, అందరికంటే పై మెట్టు మీద ఉన్నవాడు, తెల్లబట్ట కట్టి చేశాడు. కనుక పని స్వభావంలోంచే అంటరానితనం పుట్టిందనే వాదన నిలవదు.

మైల కలిగించేవి వేరు: శవం, చచ్చిన పశువు, ఆడవాళ్ల ముట్టు, పురుడు, మగవాడి వీర్యం, కొన్ని చర్మవ్యాధులు. బట్టకి, ఇంటి గోడకి కూడా ఆ జబ్బు పడుతుందన్నారు. మనిషి బతికినంతకాలం తప్పనివే ఇవన్నీ. రాజుకీ తప్పవు, ప్రధాన యాజకుడికీ తప్పవు. చిన్న మైలలకి స్నానం చేసి పొద్దుగూకే దాకా ఆగితే సరి. శవం తాకితే ఏడు రోజులు. గుడిలో పడుకున్న యాజకుడికి నిద్రలో వీర్యం పోతే ఏం చేయాలో మిష్నా ఏ సిగ్గూ లేకుండా చెబుతుంది. రెండువైపులా దీపాలున్న నేలకింది దారిలో స్నానం గదికి పోయి, మునిగి, చలిమంట దగ్గర కాచుకుని, తోటివాళ్ల దగ్గరికి వచ్చి కూర్చోవాలి. ఆడవాళ్ల విషయంలో మాత్రం బరువు ఎక్కువే. మగబిడ్డ పుడితే 40 రోజులు, ఆడబిడ్డ అయితే 80. అహరోను కూతుళ్లు అర్పణ భోజనం తినొచ్చు గాని వాళ్లకి కుట్టిన యాజక వస్త్రం లేదు. గుడ్డి, కుంటి, గూని యాజకులకి పీఠం దగ్గరికి రానివ్వకుండా కట్టెల్లో పురుగులు ఏరే పని ఇచ్చారు. వీటిని దాచిపెట్టి యూదు ధర్మాన్ని పొగడాల్సిన అవసరం మనకి లేదు.

అయితే సంఖ్యాకాండం 19వ అధ్యాయం చూడండి. శవం మైల పోవాలంటే ఎర్ర ఆవుని కాల్చిన బూడిద కలిపిన నీళ్లు చల్లాలి. ఆ ఆవుని కాల్పించిన యాజకుడు, కాల్చినవాడు, బూడిద ఎత్తినవాడు ముగ్గురూ మైలపడతారు. ప్రాయశ్చిత్త దినాన జనం పాపాలు మోసే మేకని అడవికి తోలినవాడూ, బలి పశువుల తోలూ మాంసమూ పాళెం బయట కాల్చినవాడూ స్నానం చేయాల్సిందే. ఊరందరి మైలనీ ఎత్తేవాడికి మైల తగులుతుందని వాళ్లూ అనుకున్నారు. కాని స్నానం చేసి, బట్టలుతుక్కుని వాడు మళ్లీ పాళెంలోకి వస్తాడు. వాడి కొడుకుకి ఆ మైల రాదు. మన దగ్గర ఊరి చావుకి డప్పు కొట్టి, చచ్చిన గొడ్డుని ఈడ్చి, ఊరిని శుభ్రం చేసినవాడికి ఏ సాయంకాలమూ రాలేదు.

ఇంకొకటి. చర్మవ్యాధి ఉన్నవాడు చినిగిన బట్టలు కట్టి, అపవిత్రుణ్ణని అరుస్తూ పాళెం వెలుపల ఉండాలి. ఇది క్రూరమే. కాని జబ్బు తగ్గితే యాజకుడే వెలుపలికి నడిచి వాడి దగ్గరికి పోవాలి. వాడి కుడి చెవి కొనకి, కుడి బొటనవేలికి, కుడి కాలి బొటనవేలికి నెత్తురు పూయాలి. అహరోనుని యాజకుడిగా ప్రతిష్ఠించిన నాడు నెత్తురు పూసింది కూడా సరిగ్గా ఆ మూడు చోట్లే. మనుస్మృతి పదో అధ్యాయం చండాలుడికి శవాల మీది బట్టలే బట్టలని విధించింది. ఆ బట్ట విప్పే రోజు గురించి మాత్రం ఒక్క మాటా చెప్పలేదు.

నిచ్చెన వేయబోయిన చోటు

యూదుల్లో మెట్లు లేవనుకుంటే మళ్లీ తప్పు. మిష్నాలో హగీగా అనే భాగం బట్టలతోనే ఒక నిచ్చెన కడుతుంది. మామూలు నేల జనం బట్టలు, నియమం పాటించే పరిసయ్యులకి మైల. పరిసయ్యుల బట్టలు, యాజకుల అర్పణ భోజనం తినేవాళ్లకి మైల. వాళ్ల బట్టలు ఆలయ నైవేద్యం తినేవాళ్లకి మైల. ఒకడి మీద ఒకడు! అంబేడ్కర్ చెప్పిన నిచ్చెనమెట్ల అసమానత వాసన ఇక్కడ తగులుతుంది. సమరయుల ఆడపిల్లలు ఉయ్యాల నాటి నుంచే ముట్టులో ఉన్నట్టు లెక్క అన్న నిర్ణయం ఇంకా దారుణం. అది ఒక జాతి మొత్తాన్ని పుట్టుకతో మైల చేయడమే. బావి దగ్గర సమరయ స్త్రీని నీళ్లడిగిన కథ మన వాడల్లో ఎందుకంత సొంతంగా అనిపిస్తుందో దీనివల్ల తెలుస్తుంది. అన్యజాతివాడు ఆలయం లోపలి గోడ దాటితే చావే అని హెచ్చరించే గ్రీకు శిలాశాసనం 1871లో దొరికింది. వివాహాల కోసం పది వంశాల పట్టిక ఉంది. అందులో కట్టెలు కొట్టి నీళ్లు మోసిన గిబియోనీయుల సంతతి కింది మెట్లలో ఉంటుంది, పిల్లనివ్వరు.

అయినా ఈ నిచ్చెన గట్టిపడలేదు. నేల జనంలో ఎవడైనా నియమం పట్టి పై మెట్టుకి పోవచ్చు. పండుగ రోజుల్లో అందర్నీ శుద్ధులుగానే లెక్కపెట్టమన్నారు. పెళ్లికి పనికిరాని పుట్టుకవాడు పండితుడైతే, చదువురాని ప్రధాన యాజకుడి కంటే ముందు నిలబడతాడని మిష్నా రాసింది. తోళ్లు ఊనేవాడు, నేతగాడు, చాకలి, మంగలి, కంసాలి ప్రధాన యాజకుడు కాకూడదని తాల్ముద్ చెబుతూనే, వాళ్లు అనర్హులని కాదు, ఆ వృత్తులు తక్కువవని అని కారణం రాసుకుంది. చిన్నచూపే, సందేహం లేదు. తోళ్ల బట్టీ వాసన వల్ల ఊరికి యాభై మూరల దూరం ఉండాలన్నారు, ఆ పని చేసే మనిషిని ఊరు దాటమనలేదు. పేతురు యొప్పేలో చర్మకారుడైన సీమోను ఇంట్లో చాలా రోజులు దిగాడని అపొస్తలుల కార్యాలు చెబుతుంది.

1948లో అంబేడ్కర్ అంటరానివారి పుట్టుక మీద రాసిన పుస్తకం మొదటి అధ్యాయంలోనే ఈ పని చేశాడు. ఆదిమ, పురాతన సమాజాల మైలలన్నీ వరసగా పెట్టి, అవి కొద్దికాలం ఉండి శుద్ధితో పోయేవని, తరతరాలకీ పోని అంటరానితనం వేరే సంగతని తేల్చాడు. చాలా ఏళ్లకి మానవశాస్త్రజ్ఞురాలు మేరీ డగ్లస్ 1993లో సంఖ్యాకాండం మీద రాసిన పుస్తకంలో బైబిలు మైల వర్గాలనీ కులాలనీ విడదీయడానికి వాడింది కాదని వాదించింది. నేను పైన చూపించిన హగీగా నిచ్చెన బైబిలు తర్వాతిది కనుక ఆమె మాటకి అడ్డు రాదు గాని, ఆ ఆలోచన ఎటు జారగలదో చూపిస్తుంది.

తెలుగు బైబిల్లో యాజకుడు, పరిశుద్ధం, అపవిత్రం అన్నీ సంస్కృతం మాటలే. అవి వినగానే మన చెవికి అగ్రహారమే వినిపిస్తుంది. టీచర్లు ఈ అధ్యాయాలు చెప్పేటప్పుడు అపవిత్రం అన్న మాట పక్కన దాదాపు ప్రతిసారీ వచ్చే సాయంకాలం అన్న మాటని కూడా పిల్లల చేత చదివించాలి.

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో మాదిగ కుటుంబాలు కొన్ని తాము ఎఫ్రాయిము గోత్రపు యూదులమని 1990ల మొదట్లో ప్రార్థనా మందిరం కట్టుకున్నాయి. గొడ్డుమాంసం తినడం, చనిపోయినవాళ్లని పాతిపెట్టడం లాంటి తమ పాత అలవాట్లని వాళ్లు ఇశ్రాయేలు వారసత్వంగా చెప్పుకున్నారు. ఊరు దేన్ని చూసి మైల అందో దాన్నే వంశానికి రుజువు చేసుకున్నారు. యూలియా ఎగొరోవా, షాహిద్ పర్వేజ్ వాళ్ల మధ్య ఉండి చేసిన పరిశోధన 2013లో పుస్తకంగా వచ్చింది. కులం మీద పని చేసే విద్యార్థులు దాన్ని లేవీయకాండం పక్కన పెట్టుకుని చదవొచ్చు.